ఇరవై నల్ల ఫోటోలు

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి కూడా ఇది రాయడం లేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నేను మూడే ప్రశ్నలు అడిగేదాన్ని. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు వెలుతురు ఎంత ఉంది. మూడో ప్రశ్న దాకా నిలబడిన కథ ఇంతవరకు నాకు తగల్లేదు.

నా ఉద్యోగం అలాంటిది. ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేస్తాను. తయారైన సర్క్యూట్ బోర్డులు నా బల్ల మీదికి వస్తాయి. భూతద్దం కింద పెట్టి ఒక్కో అతుకూ చూడాలి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బాగుందని చెప్పినందుకు నన్ను ఎవరూ మెచ్చుకోరు, తేడా పట్టుకున్నప్పుడే మెచ్చుకుంటారు. ఆ బుద్ధిని సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి రావడం నాకు చేతకాలేదు. వచ్చిన పెళ్లి సంబంధాలను కూడా భూతద్దం కింద పెట్టి వెనక్కి పంపించానని మా అక్క అంటుంది. అందులో నిజం లేకపోలేదు.

మాది బొల్లారం. నాన్న కట్టిన ఇల్లు. కింద మా సుగుణక్క, జయరాజు బావ ఉంటారు. పైన ఒక గది, వంటిల్లు నావి. ఆ పైన డాబా. అక్క నాకంటే పదేళ్లు పెద్దది, స్కూల్లో టీచరు. బావ రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగిపోయి మెట్లు ఎక్కలేడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరం పడుతుంది.

రోజూ సాయంత్రం ఏడున్నరకు కింద కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక కీర్తన పాడతారు. బావ బైబిల్లో ఒక భాగం చదువుతాడు. తరవాత కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే పావుగంట, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. చివర్లో అక్క చేస్తుంది. మా అందరి పేర్లూ వరసగా చెప్పి, నా పేరు ఆఖర్న చెప్తుంది. "మా నిమ్మీని కాపాడు తండ్రీ" అని. నా అసలు పేరు నిర్మల. ప్రార్థన అయ్యాక ముగ్గురం కలిసి భోంచేస్తాం. నాన్న ఉన్నప్పటి నుంచీ ఇది తప్పలేదు.

తప్పించింది నేనే, టెలిస్కోపు కొన్నాక.

ఎందుకు కొన్నానంటే పెద్ద కారణమేమీ లేదు. ఫోన్లో ఎవరో తమ ఇంటి డాబా మీద నుంచి తీసిన నిహారిక ఫోటో చూశాను. గులాబీ రంగు పొగ చీకట్లో రెక్కలు విప్పినట్టుంది. ఇది ఇంటి మీద నుంచి తీశానంటే నమ్మను, అబద్ధం అనుకున్నాను. అబద్ధమని తేల్చడానికే దాని గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ అది నిజమని తెలిసింది. అలా ఇరుక్కుపోయాను. ఒక చిన్న టెలిస్కోపు, అది నక్షత్రాల వెంట మెల్లగా తిరగడానికి మోటారున్న స్టాండు, వాడేసిన ఒక కెమెరా కొన్నాను.

మొదటి వారం ఫోటోలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక రోజు ఫోకస్ కుదరక చుక్కలన్నీ మినప గారెల్లా వచ్చాయి. ఇంకో రోజు స్టాండు సరిగ్గా ఉత్తరానికి పెట్టక చుక్కలన్నీ గీతలయ్యాయి. ఒక రోజు గంటసేపు కష్టపడి తీసింది సెల్ టవర్ దీపం. అక్క బట్టలు తీయడానికి పైకి వచ్చి, టెలిస్కోపు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందే నిమ్మీ, ఈ తోపు ఎవరి మీదికి?" అని నవ్వేది.

ఒక విషయం త్వరగానే తెలిసింది. మా డాబా స్లాబు పలచన. ఎవరైనా నడిస్తే చాలు, ఫోటోలో చుక్కలు చెదిరిపోతాయి. మెల్లగా నడిచినా అంతే, చివరికి పిల్లి దూకినా అంతే. అందుకని అన్నీ సిద్ధం చేసి, కెమెరాకు లెక్క చెప్పేసి, నేను కిందికి నా గదిలోకి వచ్చేసేదాన్ని. ఒక్కో ఫోటో ముప్పై సెకన్లు, మొత్తం అరవై ఫోటోలు. అరగంటకు కాస్త పైగా పడుతుంది. అయ్యాక పైకి వెళ్లి సామాను సర్దుకునేదాన్ని. అన్ని ఫోటోలు ఎందుకంటే, ఒక్క దానిలో నిహారిక సరిగ్గా కనబడదు. వాటన్నిటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చితే అప్పుడు తేలుతుంది.

ఫిబ్రవరిలో మృగశిర నక్షత్రాలు చీకటి పడగానే నెత్తి మీదికి వస్తాయి. వరసగా ఉండే మూడు చుక్కల కింద మసకగా ఒక మచ్చ ఉంటుంది. అదే నాలాంటి కొత్తవాళ్లందరూ మొదట పట్టుకునే నిహారిక. మా డాబా మీద నుంచి అది బాగా దొరికేది ఏడింటికీ ఎనిమిదింటికీ మధ్య, ఆ తరవాత సెల్ టవర్ దీపం వైపు వాలిపోతుంది. మరి ప్రార్థన ఏడున్నరకు. మొదటి రోజు "ఇవాళ ఒక్కరోజు" అన్నాను. రెండో రోజు కూడా అదే మాట చెప్పాను. మూడో రోజు నుంచి చెప్పడం మానేశాను. అక్క నా పళ్లెం మీద మూత పెట్టి ఉంచేది.

మొదటిసారి జరిగింది ఆ వారంలోనే. అరవై ఫోటోలు పూర్తయ్యాయని ఫోన్లో చూసుకుని పైకి వెళ్లాను. టెలిస్కోపు ముందు భాగానికి మూత పెట్టి ఉంది. వదులుగా కాదు, చివరిదాకా నొక్కి పెట్టి ఉంది. మూత తీయడమే మర్చిపోయానేమోనని తల కొట్టుకున్నాను. కొత్తవాళ్లు ఈ తప్పు చేస్తారట. గదిలోకి వచ్చి చూస్తే నలభై ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి. నలభై ఒకటి నుంచి అరవై దాకా నల్లగా ఉన్నాయి. మూత తీశాను కాబట్టే నలభై వచ్చాయి. మరి పెట్టింది ఎవరు?

అలసటలో నేనే మధ్యలో వచ్చి పెట్టానేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు నచ్చలేదు, కానీ వేరే దారి లేదు. ఆ నల్ల ఫోటోలను పారేయలేదు. ఫ్యాక్టరీలో పనికిరాని ముక్కను పారేయం, ఎర్ర డబ్బాలో వేసి దాస్తాం. తప్పు ఎక్కడ పుట్టిందో ఎప్పటికైనా అదే చెప్తుంది. కంప్యూటర్లో "రిజెక్ట్" అని ఒక ఫోల్డర్ చేసి అందులో వేశాను.

రెండు రోజుల తరవాత మళ్లీ అదే. నలభై మంచివి, ఇరవై నల్లవి. మూత బిగించి ఉంది. ఈసారి నేను గదిలోంచి కదల్లేదని నాకు గట్టిగా తెలుసు. ఫోటోల మీద టైము చూశాను. నలభై ఒకటో ఫోటో ఏడూ నలభైకి అటూ ఇటూ. అంటే కింద ప్రార్థన జరుగుతున్న సమయం.

నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. పాత ఫోన్ ఒకటి తీసి, వీడియో పెట్టి, పిట్టగోడ మీద టెలిస్కోపు వైపు తిప్పి ఉంచాను. రెండు సాయంత్రాలు అలా పెట్టాను. రెండు రోజులూ అరవైకి అరవై ఫోటోలు బంగారంలా వచ్చాయి. మూడో రోజు ఫోన్ తీసేశాను. ఇరవై నల్లవి.

ఇంకెవరైనా అయితే భయపడేవారేమో. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. దయ్యానికి సెల్‌ఫోన్ అంటే ఏం భయం? ఫోన్ ఉందని చూసి ఆగింది మనిషే అయి ఉండాలి. ఆ ఫోన్ అక్కడుందని తెలిసింది ఒక్కరికే. బట్టలు తీయడానికి పైకి వచ్చిన మా అక్కకు.

కారణం కూడా దొరికింది. నేను ప్రార్థనకు రావడం లేదని ఆమెకు బాధ. టెలిస్కోపు పాడైపోయిందని అనుకుంటే నేను విసిగి కిందికి వస్తాననుకుని ఉంటుంది. మరి అదే సమయంలో ప్రార్థనలో ఉంటుంది కదా, ఎలా వస్తుంది? దానికీ జవాబు తయారుచేసుకున్నాను. బావ కళ్లు మూసుకున్నాడంటే పావుగంట దాకా తెరవడు. మధ్యలో భార్య లేచి వెళ్లి, మెట్లెక్కి, మూత పెట్టి, దిగి వచ్చి కూర్చున్నా ఆయనకు తెలియదు. చివర్లో ఆమె "ఆమెన్" అంటే చాలు. ఆ ఆలోచన వచ్చినప్పుడు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పెద్ద లోపం పట్టుకున్న రోజు ఫ్యాక్టరీలో ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. అడిగాను అనడం తప్పు. చెప్పాను.

"అక్కా, నీకు ఇష్టం లేకపోతే ముంగట చెప్పు. వెనక నుంచి మూతలు పెట్టుడెందుకు?"

అక్కకు అర్థం కాలేదు. "ఏం మూతలే?"

మొత్తం చెప్పాను. టైములు, ఫోన్, బావ కళ్లు మూసుకోవడం, అన్నీ. బావ నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయాడు. అక్క చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది.

"ప్రార్థనల నుంచి లేసి దొంగలెక్క మెట్లెక్కుతనా నేను?" అంది. "యాభై ఏండ్లు దాటినంక గట్ల కనబడుతున్ననా నీకు?"

"మరి ఇంకెవరు చేస్తారు?" అన్నాను.

"నన్నడుగుతవేందే? నువ్వే తేల్చుకొని వచ్చినవ్ గదా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అని నేను గొణిగాను. పెద్దగా అనలేదు, కానీ వినపడింది. అక్క లేచి చెయ్యి కడుక్కుంది. బావ నా వైపు చూసి, "అనుమానం పెనుభూతం అంటారమ్మా. ఇంట్ల దాన్ని పెంచకు" అన్నాడు. నేను పైకి వచ్చేశాను.

ఆ రోజు నుంచి నా పళ్లెం మీద మూత పెట్టడం ఆగిపోయింది. నేను పైనే వండుకున్నాను. అక్క బట్టలు పెరట్లో ఆరేయడం మొదలుపెట్టింది. డాబా మెట్టు ఎక్కలేదు.

అది కూడా నేను భరించాను. భరించలేనిది ఇంకొకటి. నా గది కిటికీ తెరిస్తే కింద ప్రార్థన వినబడుతుంది. ఆ సాయంత్రం అక్క గొంతు వింటున్నాను. అందరి పేర్లూ చెప్పింది. వరంగల్లులో చదువుకుంటున్న వాళ్లబ్బాయి, పక్కింటి ముసలమ్మ, స్కూల్లో జ్వరమొచ్చిన పిల్ల. తరవాత ఆమెన్ అంది. నా పేరు రాలేదు. నలభై నాలుగేళ్లు వచ్చాయి, రోజూ ఆ పేరు వింటూ కూడా పట్టించుకోని దాన్ని. రాకపోయేసరికి ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే అనుమానం వదల్లేదు. నన్ను నేను ఇక్కడ మంచిదానిలా చూపించుకోలేను.

ఇక తేల్చేయాలనుకున్నాను. ఫ్యాక్టరీలో స్క్రూ బిగించాక దాని తల మీద నుంచి పక్కనున్న రేకు మీదికి ఎర్ర పెయింటుతో సన్నగా ఒక గీత గీస్తాం. ఆ తరవాత ఎవరైనా స్క్రూను వెంట్రుకవాసి తిప్పినా గీత తెగిపోతుంది. ఆ పెయింటు సీసా ఒకటి బ్యాగులో వేసుకుని వచ్చాను. డాబా మీదికి ఒకటే తలుపు, మెట్ల చివర ఉంటుంది. ఆ సాయంత్రం టెలిస్కోపు మూత తీసి, దాని సంచిలో వేసి జిప్పు మూశాను. ఫోటోలు మొదలుపెట్టి బయటికి వచ్చాను. తలుపు గడియ పెట్టి, తాళం వేసి, గడియ మీద నుంచి చట్రం మీదికి ఎర్ర గీత గీశాను. ఆరేదాకా అక్కడే నిలబడ్డాను. తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, నా గది తలుపు తెరుచుకుని, మెట్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దోమలు పీక్కుతిన్నాయి. మెట్ల మీద ఎవరూ రాలేదు.

అయ్యాక టార్చి పట్టుకుని పైకి వెళ్లాను. గీత గీసినట్టే ఉంది. భూతద్దం తెచ్చుకుని మరీ చూశాను, ఎక్కడా చిట్లలేదు. తాళం తీసి గడియ లాగితే అప్పుడు తెగింది. డాబా మీద ఎవరూ లేరు. సంచి జిప్పు మూసి ఉంది. మూత టెలిస్కోపు మీద ఉంది.

మా ఇంటికి ఒక పక్క ఖాళీ ప్లాటు. ఇంకో పక్క ఇల్లు రేకుల ఇల్లు, మా డాబాకు చాలా కిందుగా ఉంటుంది. వెనక కంటోన్మెంట్ వాళ్ల గోడ, చెట్లు. ఎక్కి రావడం అసాధ్యం అనను, నిచ్చెన వేస్తే రావచ్చు. నిచ్చెన వేసి వచ్చి, సామాను ముట్టకుండా, జిప్పు తీసి, మూత పెట్టి, జిప్పు మళ్లీ మూసి పోయే దొంగను నేనెక్కడా వినలేదు.

అప్పుడు ఇంకొకటి గమనించాను. నిజానికి మొదటి రోజే గమనించాల్సింది. స్లాబు మీద పిల్లి దూకినా చుక్కలు చెదిరిపోతాయని చెప్పాను కదా. ఎవరైనా నడిచి వచ్చి మూత పెడితే నలభయ్యో ఫోటో చెదరాలి. అన్ని రోజుల నలభయ్యో ఫోటోలనూ తెరిచి చూశాను. ఒక్కదాంట్లోనూ చుక్క కదల్లేదు. సూది మొనతో పొడిచినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ల ఇన్‌స్పెక్టరుకు ఇది కనబడకపోవడానికి కారణం ఒక్కటే. దొంగ దొరికాక ఎవరూ ఇంకా వెతకరు.

ఇంత తెలిశాక కిందికి వెళ్లి అక్క కాళ్లు పట్టుకోవాలి. పట్టుకోలేదు. డూప్లికేట్ తాళంచెవి ఉందేమో, నా సీసాలోని పెయింటుతోనే మళ్లీ గీసిందేమో అని ఇంకో రెండు రోజులు గింజుకున్నాను. మెట్లకు ఎదురుగా కూర్చున్నది నేనేనని నాకు గుర్తుంది. అయినా గింజుకున్నాను.

ఇలాంటి ఫోటోలు తీసేవాళ్ల ఫోన్ గ్రూపు ఒకటుంది. అందులో సుబ్బారావుగారని బేగంపేటలో ఉండే పెద్దాయన నాలాంటివాళ్లకు ఓపికగా నేర్పుతుంటారు. నా నలభై ఫోటోలు పేర్చి చేసిన బొమ్మ ఆయనకు పంపాను. నిహారిక ఉంది కానీ బొమ్మంతా ఎర్రవి నీలివి ఇసక రేణువులు చల్లినట్టుంది. ఆయన ఫోన్ చేశారు.

"అమ్మా, డార్క్స్ తీయలేదా?"

అవేమిటో నాకు తెలియదు. ఆయన చెప్పారు. కెమెరా వేడెక్కితే దానంతట అదే చీకట్లో కూడా కొన్ని చుక్కలు పుట్టిస్తుంది. అవి నక్షత్రాలు కావు, కెమెరా చేసే తప్పు. ఆ తప్పు ఎలా ఉంటుందో విడిగా పట్టుకుంటే, అసలు ఫోటోలోంచి తీసేయొచ్చు. అందుకోసం అసలు ఫోటోలు అయిన వెంటనే, అదే రాత్రి, అదే చల్లదనంలో, అంతే సెకన్లతో, టెలిస్కోపుకు మూత పెట్టి మరికొన్ని నల్ల ఫోటోలు తీయాలి. కొత్తవాళ్లందరూ మర్చిపోయేది ఇదే.

"ఎన్ని తీయాలండీ?" అన్నాను.

"నలభైకి ఇరవై చాలమ్మా" అన్నారు.

ఎర్ర డబ్బా తెరిచాను. "రిజెక్ట్" ఫోల్డర్లోని మొదటి ఇరవై నల్ల ఫోటోలను ఆయన చెప్పినట్టు కలిపాను. కంప్యూటర్ నాలుగైదు నిమిషాలు ఆలోచించింది. ఇసకంతా పోయింది. గులాబీ రంగు పొగ చీకట్లో రెక్కలు విప్పింది. నేను ఆ రోజు ఫోన్లో చూసి అబద్ధం అనుకున్నది, మా బొల్లారం డాబా మీద నుంచి, నా పేరుతో.

సుబ్బారావుగారికి పంపితే, "డార్క్స్ చాలా శ్రద్ధగా తీశారు" అని రాశారు. తీసింది నేను కాదు. ఆ మాటకొస్తే డార్క్స్ అనే మాటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కకు ఫోన్లో ఫోటో తీస్తే తన వేలే సగం పడుతుంది.

ఆ సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని కిందికి వెళ్లాను. అక్క వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బొమ్మ చూపించాను. తలుపు గీత సంగతి, ఇరవై సంగతి చెప్పాను. తప్పయిందని కూడా చెప్పాను. అక్క బొమ్మను చాలాసేపు చూసింది.

"మంచిగున్నది" అంది. కాయలు ఒలవడం ఆపలేదు. "ఇప్పుడు నమ్మినవా, ఇంకా జెరంత మిగిలిందా?"

నేను వెంటనే జవాబు చెప్పి ఉండాల్సింది. ఒక్క క్షణం ఆలస్యమైంది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి ఆ క్షణం చాలు.

"సరే" అంది. "రేపు నేనే పైకొచ్చి నీ పక్కన కూసుంట. ఆ మూత నా చేతికియ్యి. ఇగ దేవుని ముంగట నువ్వే చూస్కో."

మర్నాడు, నాన్న పోయినప్పటి నుంచి మొదటిసారిగా, అక్క ప్రార్థనకు కింద కూర్చోలేదు. బావ ఒక్కడే ఉన్నాడు. మేమిద్దరం డాబా మీద టెలిస్కోపుకు నాలుగడుగుల దూరంలో చాప వేసుకుని కూర్చున్నాం. కదలొద్దని చెప్పాను. మూత తీసి అక్క ఒళ్లో పెట్టాను. ఫోటోలు మొదలయ్యాయి. వెలుతురు పడకుండా స్క్రీన్లన్నీ ఆపేశాను.

తరవాత అక్క పైకి చూసి, ఏది, నీ మచ్చ ఎక్కడుంది అని అడిగింది. చూపించాను. ఆమెకు కనబడలేదు. కనబడిందంది. నాన్న మమ్మల్ని ఎండాకాలం ఇక్కడే పడుకోబెట్టేవాడని, నేను ఆమె కొంగు పట్టుకుంటే తప్ప నిద్రపోయేదాన్ని కాదని చెప్పింది. కింద బావ కీర్తన ఎత్తుకున్నాడు. ఆయన శ్రుతి ఎప్పుడూ అంతే, ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత అక్క కూడా సన్నగా కలిపింది.

కీర్తన అయ్యాక అక్క నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో ఉన్న మూత మీద పెట్టింది. దాని మీద తన చెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుని మెల్లగా ప్రార్థన మొదలుపెట్టింది. నేనూ కళ్లు మూసుకున్నాను. చిన్నప్పటి అలవాటు, ప్రార్థన అంటే రెప్పలు వాటంతట అవే పడిపోతాయి. ఎంతసేపో చెప్పలేను, పది నిమిషాలకు పైనే. నా అరచేతి కింద ప్లాస్టిక్ మూత, దాని అంచు మీద చిన్న గరుకు, అంతసేపూ తగులుతూనే ఉంది. చివర్లో అక్క గొంతు ఆగింది. తరవాత, "మా నిమ్మీని కాపాడు తండ్రీ" అంది. నేను ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. స్లాబు కదిలిందేమో కూడా ఆలోచించలేదు.

కళ్లు తెరిచాక చూశాను. టెలిస్కోపుకు ఏమీ లేదు. ముందు అద్దంలో ఆకాశం మెరుస్తోంది. మూత మా చేతుల కిందే ఉంది. అక్క దాన్ని నాకిచ్చి, "పా, అన్నం తిందాం. బావకు ఆకలైతది" అంది.

అన్నం తిని పైకి వచ్చి ఫోటోలు చూశాను. నలభై మంచివి. ఇరవై నల్లవి.

కెమెరా షట్టరే చెడి ఉంటుందని మీరు అంటారు. నేనూ అన్నాను. సర్వీస్ చేసేచోట ఇచ్చి వారం ఉంచాను. ఏ లోపమూ లేదన్నారు. నేనే గదిలో వందల ఫోటోలు తీసి చూశాను, ఒక్కటి కూడా నల్లగా రాలేదు. పోనీ ఆ రోజుకు షట్టరే అనుకుందాం. సంచిలోంచి మూత నడిచి వెళ్లిన రోజుకు ఏమనుకోవాలి?

ఆ నల్ల ఫోటోల సంగతి అక్కకు మర్నాడు చెప్పాను. అక్క బ్యాగు భుజాన వేసుకుని, "నేను కాదని తెలిసిందా లేదా?" అంది. తెలిసిందన్నాను. "గంతే నాకు కావాల్సింది" అని స్కూలుకు వెళ్లిపోయింది. ఆమెకు అక్కడితో అయిపోయింది.

నాకు అవలేదు. అక్క మీద అనుమానం ఉన్నన్నాళ్లూ నేను హాయిగా నిద్రపోయాను. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, కానీ నిద్ర పట్టింది. ఇప్పుడు అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. డాబా తలుపు గాలికి కొట్టుకుంటే లేచి కూర్చుంటాను.

ఇప్పుడు రోజూ ఏడున్నరకు కిందికి వెళ్తున్నాను. పైన కెమెరా దానంతట అది తీసుకుంటూ ఉంటుంది. కొన్ని రోజులు అరవై ఫోటోలూ మంచివే వస్తాయి. కొన్ని రోజులు ఇరవై నల్లగా వస్తాయి. దేనికీ లెక్క అందలేదు. అది ఎవరు, ఎందుకు, నాకు ఏం కావాలో నాకంటే ముందు దానికెలా తెలుసు?

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా సగం నిజం అవుతుంది. ప్రార్థనలో ఇప్పుడు నేను కళ్లు మూసుకోవడం లేదు. అక్క చేతులను చూస్తూ కూర్చుంటాను. అవి ఆమె ఒళ్లోనే ఉంటాయి, కదలవు. కదలవని తెలిసే చూస్తాను.

మొన్న అలా చూస్తుండగా అక్క మధ్యలో కళ్లు తెరిచింది. నన్ను చూసింది. నేను ఏం చూస్తున్నానో కూడా చూసింది. రెండు చేతులూ నాకు బాగా కనబడేలా మోకాళ్ల మీద తిప్పి పెట్టి, మళ్లీ కళ్లు మూసుకుంది. పేర్లన్నీ చెప్పి, ఆఖర్న నా పేరు చెప్పింది.

ఆమెన్ అన్నాక పైకి వెళ్లాను. మూత పెట్టి ఉంది.